ఫ్రీ ఆన్‌లైన్ స్కూలుకు డబ్బెవరు కడతారు? ఒహాయో ఈకాట్ కథ

[నేరుగా కెమెరాతో]

నమస్తే అండీ. అమెరికాలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా జూలై, ఆగస్టు వచ్చేసరికి ఒక మెసేజ్ తిరుగుతుంది. "ఈ ఆన్‌లైన్ స్కూలు ఫ్రీ అట, కంప్యూటర్ కూడా వాళ్లే ఇస్తారట, ఎవరైనా పిల్లల్ని వేశారా?" అని. దాని కింద రెండే రకాల జవాబులు వస్తాయి. "ఫ్రీ అంటే ఏదో మోసమే" అని ఒకరు. "గవర్నమెంట్ స్కూలేగా, భయమెందుకు" అని ఇంకొకరు. మొదటి జవాబుకు నాకు నవ్వొస్తుంది. రెండోదానికి మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకంటే అందులో సగం నిజముంది, ఆ సగం పట్టుకునే జనం ఊరుకుంటారు.

అది పబ్లిక్ స్కూలే. ఫీజు వసూలు చేయకూడదు. రాష్ట్ర పరీక్షలు పెట్టాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఫెడరల్ చట్టం ప్రకారం సేవలు ఇవ్వాలి. అంతవరకు ఓకే. కానీ గవర్నమెంట్ నడుపుతుందా? చాలా రాష్ట్రాల్లో నడపదు. డబ్బు గవర్నమెంటుది, నడిపేది వేరేవాళ్లు.

ఇది మనకు తెలియని ఏర్పాటేమీ కాదు. మన ఊళ్లో రేషన్ షాపు ఉంది కదా? బియ్యం ప్రభుత్వానివి. కార్డు మనది. డీలరు ప్రభుత్వ ఉద్యోగి కాదు, ఆర్డీవో ఆఫీసు నుంచి అథరైజేషన్ తెచ్చుకున్న ప్రైవేటు మనిషి. ఎన్ని కిలోలు ఇస్తే అంత కమీషన్. దీన్ని గుర్తు పెట్టుకోండి, ఈ వీడియో అంతా ఈ రేషన్ షాపు చుట్టూనే తిప్పుతాను.

[స్క్రీన్ మీద: ఒహాయో మ్యాపు, కొలంబస్ మీద చుక్క]

ఉదాహరణకు ఒహాయో. అక్కడ 2000లో ఒక ఆన్‌లైన్ స్కూలు మొదలైంది, పేరు ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో. అందరూ ఈకాట్ అనేవాళ్లు. పెట్టినాయన విలియం లేగర్. కొలంబస్‌లో మూతపడిన ఒక షాపింగ్ మాల్ బిల్డింగులో ఆఫీసు. పదిహేనేళ్లు తిరిగేసరికి పదిహేను వేలకు పైగా విద్యార్థులు. రాష్ట్రంలో అంత పెద్ద ఆన్‌లైన్ స్కూలు ఇంకోటి లేదు. గ్రాడ్యుయేషన్ వేడుకలకు ఫ్లోరిడా మాజీ గవర్నర్ జెబ్ బుష్, అప్పటి ఒహాయో గవర్నర్ జాన్ కేసిక్ లాంటి పెద్దవాళ్లు వచ్చి ప్రసంగాలు ఇచ్చేవాళ్లు. ఇక గ్రాడ్యుయేట్ అయ్యేవాళ్ల సంగతా? టైముకి పూర్తి చేసేవాళ్లు 40 శాతం కూడా లేరు. స్టేజీ మీద దండలకు మాత్రం లోటు లేదు.

సరే, ఎవరు నడిపారు? ఒహాయో చట్టం ప్రకారం ఇలాంటి స్కూలుకు ఒక గవర్నింగ్ బోర్డు ఉండాలి, కనీసం ఐదుగురు. కాగితం మీద స్కూలు ఆ బోర్డుదే. మన లెక్కలో అథరైజేషన్ బోర్డు పేరు మీద ఉంది. కానీ బోర్డు స్వయంగా పాఠాలు చెప్పదు, ఒక కంపెనీతో కాంట్రాక్టు రాసుకుంటుంది. ఆ కంపెనీ మేనేజ్‌మెంట్ చూస్తుంది, కొన్నిచోట్ల పాఠాల సాఫ్ట్‌వేర్ కూడా అమ్ముతుంది. అంటే డీలర్‌షిప్ ఒకరి పేరు మీద, కొట్లో కూర్చునేది ఇంకొకరు. మన ఊళ్లో దీన్నేమంటారో నేను చెప్పక్కర్లేదు. అక్కడ మాత్రం ఇది పూర్తిగా చట్టబద్ధం.

ఈకాట్ విషయంలో మేనేజ్‌మెంట్ కంపెనీ ఆల్టెయిర్, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఐక్యూ ఇన్నోవేషన్స్. రెండూ లేగర్‌కు సంబంధించినవే. స్కూలు నడిచినన్నాళ్లలో ఈ రెండింటికీ వెళ్లిన డబ్బు సుమారు 20 కోట్ల డాలర్లని లెక్క తేలింది. ప్రజల డబ్బు స్కూల్లోకి రాగానే దాని మీద జనానికి కన్ను ఉంటుంది. బోర్డు మీటింగులు బహిరంగం, రికార్డులు అడగొచ్చు, రాష్ట్ర ఆడిటర్ వస్తాడు. అదే డబ్బు కాంట్రాక్టు దాటి కంపెనీ గల్లాపెట్టెలో పడ్డాక చూడటం కష్టం. "గవర్నమెంట్ స్కూలేగా" అనేవాళ్లు ఈ గడప దగ్గరే ఆగిపోతారు.

బోర్డు మీద ఇంకొకరు ఉంటారు. ఒహాయోలో వాళ్లను స్పాన్సర్ అంటారు. మనకు స్పాన్సర్ అంటే టోపీ మీద పేరు వేయించుకుని డబ్బిచ్చేవాడు కదా, ఇక్కడ తిరగేసి చదువుకోవాలి. ఇక్కడ స్పాన్సర్ డబ్బివ్వడు, తీసుకుంటాడు. స్కూలుకు అనుమతి ఇచ్చేది, తనిఖీ చేసేది, అవసరమైతే మూయించేది వీళ్లే. ఈకాట్‌కు టొలీడో దగ్గరి ఒక విద్యా సేవా సంస్థ స్పాన్సర్. ఆ పర్యవేక్షణకు ఫీజు ఎక్కడి నుంచి? స్కూలుకు వచ్చే రాష్ట్ర నిధుల్లోంచే, 3 శాతం దాకా తీసుకోవచ్చు.

[కెమెరాకు దగ్గరగా]

ఒక్కసారి రేషన్ షాపుకు రండి. డీలరు తప్పు చేస్తున్నాడేమో చూడ్డానికి వచ్చే ఇన్‌స్పెక్టరు జీతం, ఆ డీలరు అమ్మిన బస్తాల లెక్క మీద ఆధారపడితే ఎలా ఉంటుంది? కార్డులు పెరిగితే ఆయనకూ పెరుగుతుంది. బోగస్ కార్డు ఏరేస్తే ఆయనకూ తగ్గుతుంది. స్పాన్సర్లంతా చెడ్డవాళ్లని నేననట్లేదు. చివరికి ఈకాట్‌ను ఆపింది కూడా స్పాన్సరే. ఏర్పాటు మాత్రం అది, మనిషి మంచితనం మీద నడిచే ఏర్పాటు.

ఇప్పుడు డబ్బు. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

మనకు కార్డు పోర్టబిలిటీ ఉంది. మా ఊరి డీలరు నచ్చకపోతే పక్క షాపులో తీసుకోవచ్చు, బియ్యం కార్డు వెంట వెళ్తాయి. అక్కడ కూడా అంతే, డబ్బు పిల్లాడి వెంట వెళ్తుంది. 2016-17లో ఒహాయోలో ఒక విద్యార్థికి బేస్ మొత్తం 6,000 డాలర్లు. పిల్లాడు కొలంబస్ స్కూలు జిల్లా (ఆ ఊరి పబ్లిక్ స్కూళ్లు నడిపే స్థానిక సంస్థ, మన కలెక్టరు ఉండే జిల్లా కాదు) స్కూలు మానేసి ఈకాట్‌లో చేరితే, ఆ జిల్లాకు రాష్ట్రం ఇచ్చేదాంట్లోంచి కోసి ఈకాట్‌కు ఇచ్చేవాళ్లు. ఈ కోత పద్ధతి 2021 బడ్జెట్‌తో పోయింది, ఇప్పుడు రాష్ట్రమే నేరుగా కడుతోంది. సరే, అది పక్కన పెట్టండి.

అసలు ప్రశ్న వేరే ఉంది. పిల్లాడు స్కూల్లో "ఉన్నాడు" అని ఎలా తెలుస్తుంది?

మామూలు స్కూల్లో బెంచీ మీద కనబడతాడు. ఆన్‌లైన్లో బెంచీ లేదు. చట్టం ప్రకారం పూర్తి స్థాయి విద్యార్థి అంటే సంవత్సరానికి 920 గంటల చదువు. ఇందులో ఒక బ్రహ్మాండమైన చిల్లు ఉండేది. వరసగా 105 గంటలు పాల్గొనకపోతేనే పేరు కొట్టేయాలని రూలు. రోజుకు ఐదు గంటలు అనుకుంటే 105 గంటలంటే ఎన్ని రోజులు? ఇరవై ఒకటి. అంటే నెలకోసారి లాగిన్ అయి మొహం చూపించి వెళ్తే కార్డు రద్దు కాదు! తర్వాత ఆ 105ను 72కి తగ్గించారు.

2016లో రాష్ట్ర విద్యాశాఖ వచ్చి, 2015-16కి లాగిన్ రికార్డులు చూపించమంది. మన భాషలో చెప్పాలంటే, ఇన్నాళ్లూ చేతిరాత రిజిస్టరు చూసి డబ్బిచ్చినవాళ్లు ఒక్కసారిగా వేలిముద్ర మిషన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. ఈకాట్ చెప్పిన లెక్క 15,300 పైచిలుకు పూర్తి స్థాయి విద్యార్థులు. రికార్డుల్లో నిలబడింది 6,300 చిల్లర.

[స్క్రీన్ మీద రెండు అంకెలు పక్కపక్కన. ఐదు సెకన్లు ఏమీ మాట్లాడవద్దు.]

ఈకాట్ ఏమందో తెలుసా? "మేం 920 గంటల చదువు అందుబాటులో పెట్టాలి, అంతే. 2003లో విద్యాశాఖతో కుదిరిన ఒప్పందం అదే. పిల్లలు ఎన్ని గంటలు కూర్చున్నారన్నది నిధుల లెక్కలోకి రాదు" అని వాదించింది. డీలరు వాదన ఊహించుకోండి. "షట్టర్ తెరిచాను సార్, బస్తాలు పెట్టాను, కాటా కూడా పెట్టాను. వాళ్లు రాకపోతే నా తప్పా? నా కమీషన్ నాకివ్వండి."

నిజం చెప్పాలంటే ఈ వాదనలో కాస్త న్యాయం ఉంది, నవ్వి తోసేయకండి. రూలు మధ్యలో మార్చారన్నది వాళ్ల ఫిర్యాదు. పదమూడేళ్లు ఒక పద్ధతిలో డబ్బిచ్చి, హఠాత్తుగా పాత సంవత్సరానికి కొత్త కొలత పెడితే ఎవరైనా కోర్టుకెళ్తారు. నా చిరాకు ఈకాట్ మీద ఎంతుందో, అన్నేళ్లు వేలిముద్ర అడగకుండా బిల్లు పాస్ చేసిన విద్యాశాఖ మీదా అంతే ఉంది.

తిరిగి కట్టమన్నది 6 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాదికి ఇంకో 1.9 కోట్లు. నెలనెలా ఇచ్చే నిధుల్లోంచి కోత మొదలైంది. 2018 జనవరిలో స్పాన్సర్ మూసేయమంది. విద్యాసంవత్సరం మధ్యలో, సుమారు 12 వేలమంది పిల్లలు చలికాలంలో వేరే స్కూళ్లు వెతుక్కున్నారు. అదే ఏడాది ఆగస్టులో ఒహాయో సుప్రీంకోర్టు 4-2 తీర్పుతో చెప్పింది, ఎంతసేపు పాల్గొన్నారో అడిగే అధికారం విద్యాశాఖకు చట్టంలోనే ఉందని. తీర్పు వచ్చేసరికి షాపుకు తాళం పడి ఏడు నెలలు.

అకౌంటబిలిటీ అనే మాట ఎవరైనా వాడితే నేను వెంటనే ఒకటే అడుగుతాను: ఎప్పుడు? తప్పు చేసినవాడు దొరకడం ఒకటి. పిల్లాడి ఎనిమిదో తరగతి పోకముందే దొరకడం వేరొకటి.

[గడియారం చూస్తూ] అమ్మో, టైం అయిపోతోంది. మిగతా రాష్ట్రాలు గబగబా.

ఫ్లోరిడా. ఫ్లోరిడా వర్చువల్ స్కూల్ 1997లో రెండు కౌంటీలు, ఆరెంజ్, అలచువా కలిసి మొదలుపెట్టినది. ఇది చార్టర్ కాదు, అంటే ఈకాట్ లాగా అనుమతి తెచ్చుకుని ప్రభుత్వ డబ్బుతో వేరే బోర్డు నడిపే స్కూలు కాదు, రాష్ట్రమే సృష్టించిన సంస్థ. 2000లో చట్టం చేసి గవర్నర్ నియమించే ఏడుగురు ట్రస్టీల బోర్డు పెట్టారు. ఇక్కడ తమాషా ఏంటంటే డబ్బు చేరినందుకు రాదు, కోర్సు విజయవంతంగా పూర్తి చేసినందుకే వస్తుంది. అంటే బియ్యం తూచినందుకు కాదు, ఇంటికి తీసుకెళ్లి వండుకుని తిన్నారని తేలితేనే కమీషన్! వినడానికి చాలా బాగుంది. కానీ తిన్నారని సంతకం పెట్టేది ఎవరు? పాస్ చేసేది ఆ స్కూలు టీచరే కదా. అందుకే కొన్ని కోర్సులకు రాష్ట్రం పెట్టే పరీక్ష కీలకం. ఇక్కడా గొడవలు లేకపోలేదు, 2019లో సంస్థ లోపలి వ్యవహారాల మీద ఆరోపణలొచ్చి రాష్ట్ర విద్యా బోర్డే ట్రస్టీల స్థానంలో కూర్చుంది.

పెన్సిల్వేనియా. ఇది మరీ విచిత్రం. అక్కడ సైబర్ చార్టర్లకు అనుమతి ఇచ్చేది రాష్ట్ర విద్యాశాఖ, డబ్బు కట్టేది మాత్రం పిల్లాడి సొంత జిల్లా. ఎంత కట్టాలన్నది ఆ జిల్లా తన పిల్లల మీద ఎంత ఖర్చు పెడుతుందన్న దాన్ని బట్టి. ఒకే స్కూలు, ఒకే పాఠం, ఒకే టీచరు. పిల్లాడు ఏ ఊరివాడన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. ఖర్చుకూ రేటుకూ సంబంధం లేకపోతే ఏమవుతుంది? మిగులుతుంది. 2025లో అక్కడి ఆడిటర్ జనరల్ ఐదు సైబర్ చార్టర్లను చూస్తే, 2020లో 25.4 కోట్ల డాలర్లున్న నిల్వలు 2023కల్లా 61.9 కోట్లయ్యాయి. ఇది నేరం కాదండీ. ఫార్ములా అలా ఉంది.

కాలిఫోర్నియా నేరమే. 2019లో శాన్ డియేగోలో ఏ3 అనే ఆన్‌లైన్ చార్టర్ల గొలుసు మీద కేసు, 11 మంది మీద అభియోగాలు. ఎండాకాలం ఆటల జట్లలో ఉన్న పిల్లల పేర్లు తెచ్చి విద్యార్థులుగా చూపించారు. చాలామంది తల్లిదండ్రులకు విషయమే తెలియదు. అచ్చంగా బోగస్ కార్డులు. అనుమతులిచ్చింది చిన్న చిన్న జిల్లాలు, పర్యవేక్షణ ఫీజు వాళ్లకూ ముట్టింది. ఇన్‌స్పెక్టరు గురించి ఇందాక చెప్పాను కదా, అదే.

ఇక మీ పని. స్కూలు పేరు ఎంత తియ్యగా ఉన్నా చేరే ముందు మూడు విషయాలు అడగండి. అనుమతి ఇచ్చిందెవరు, నడిపే కంపెనీ ఏది, బోర్డు ఆఖరి మీటింగు మినిట్స్, అంటే ఏం మాట్లాడారన్న రికార్డు, ఎక్కడున్నాయి. పబ్లిక్ స్కూలు కాబట్టి చెప్పాల్సిందే. రాష్ట్రం ఏటా ఇచ్చే రిపోర్టు కార్డులో గ్రాడ్యుయేషన్ రేటు ఉంటుంది, స్కూలు వెబ్‌సైట్లోని నవ్వుతున్న పిల్లల ఫొటోల కంటే ముందు అది చూడండి. ఇంకోటి, రాష్ట్ర పరీక్షలు ఇంట్లో కూర్చునే రాయొచ్చని ముందే అనుకోకండి. ఒహాయోలో వరసగా రెండేళ్లు రాష్ట్ర పరీక్షలు ఎగ్గొడితే ఆన్‌లైన్ స్కూలు పిల్లాడి పేరు తీసేయాలి.

కామెంట్లలో ఎప్పుడూ వచ్చే రెండు ప్రశ్నలకు ముందే జవాబు చెప్పేస్తాను. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) పిల్లలు చేరొచ్చా? చేరొచ్చు. పబ్లిక్ స్కూలు వీసా అడగదు, 1982 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పుంది. అడిగేది అడ్రస్, ఆ రాష్ట్రంలోనే ఉంటున్నారన్న రుజువు. రెండోది, "ఆన్‌లైనే కదా, మూడు నెలలు గుంటూరు వెళ్లి అక్కడి నుంచి లాగిన్ అవుతాం" అనేవాళ్లు. డబ్బు కట్టేది రాష్ట్రం, అక్కడ నివాసం ఉన్నారనే కడుతోంది. టికెట్లు బుక్ చేసే ముందు స్కూలుకు ఈమెయిల్ రాసి, జవాబు కూడా ఈమెయిల్లోనే తెప్పించుకోండి. ఫోన్లో "పర్లేదండీ" అన్న మాట లాగిన్ రికార్డుల్లో ఎక్కదు.