తాహో సరస్సు ఒడ్డున చక్రాల ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

వేసవి వస్తే అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. కాలిఫోర్నియాలో ఉన్న కొడుకో కూతురో "ఈసారి హోటల్ వద్దు నాన్నా, ఆర్‌వీ అద్దెకు తీసుకుని తాహో వెళ్దాం" అనడం ఈమధ్య తరచుగా వింటున్నాం. ఆర్‌వీ అంటే వంటగది, పడకలు, స్నానాలగది అన్నీ లోపలే ఉన్న పెద్ద మోటారు బండి. తాహో అంటే కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో, సియెర్రా నెవాడా కొండల మధ్య ఉన్న మహా సరస్సు. దాని దక్షిణపు ఒడ్డున ఉన్న ఊరు సౌత్ లేక్ తాహో. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సుమారు 300 కిలోమీటర్లు. ఆ ఊరికి ఆర్‌వీలో వెళ్లి నాలుగు రోజులు ఉండాలంటే ఎలా సిద్ధం కావాలో ఈరోజు మాట్లాడుకుందాం.

చాలామంది ఇలాంటి ప్రయాణానికి ఏమేం చూడాలన్న జాబితాతో మొదలుపెడతారు. నేను మాత్రం బండి అడుగున ఉండే ట్యాంకుల నుంచి మొదలుపెట్టమంటాను. ఎందుకో చెబుతాను.

తాహో లోతు 501 మీటర్లు. అమెరికాలో అంతకంటే లోతైన సరస్సు ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. చుట్టుపక్కల కొండల నుంచి 63 వాగులు వచ్చి ఇందులో కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ట్రకీ నది. అదీ సముద్రం చేరదు, నెవాడా ఎడారిలోని పిరమిడ్ సరస్సులో ఆగిపోతుంది. తాహోలో చేరిన నీరు మళ్లీ బయటపడడానికి సగటున 650 ఏళ్లు పడుతుందని అంచనా. అంటే ఇందులో పడిన మురికి మన మనవల మనవలు వచ్చేసరికి కూడా పోదు. అందుకే 1960ల చివరి నుంచి ఒడ్డున ఉన్న ఊళ్ల మురుగునీటిని శుద్ధి చేశాక కూడా సరస్సులోకి వదలడం లేదు. పంపులతో కొండలు దాటించి అవతలికి పంపిస్తున్నారు. ఒక ఊరు తన మురుగును కొండ ఎక్కించి మరీ సరస్సును కాపాడుకుంటోంది! నాకు తాహో మీద ఇంత గౌరవం కలగడానికి దాని నీలిరంగు కంటే ఈ పనే పెద్ద కారణం.

అంత చేసినా పాత తేటదనం పూర్తిగా నిలవలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ శాస్త్రవేత్తలు తెల్లటి పళ్లేన్ని నీటిలోకి దించి, అది ఎంత లోతు వరకు కనిపిస్తుందో కొలుస్తూ వస్తున్నారు. 1968లో సగటున 31 మీటర్ల లోతు వరకు కనిపించేది. ఇప్పుడు 20 మీటర్ల దగ్గర ఉంది. రోడ్ల మీది సన్నని ధూళి, నీటిలో పెరిగే నాచు ఇందుకు ముఖ్య కారణాలు.

ఇక మన బండి సంగతి. ఆర్‌వీలో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీటికి. రెండోది గిన్నెలు కడిగిన నీరు, స్నానాల నీరు చేరడానికి. మూడోది మరుగుదొడ్డికి. మధ్యరకం బండిలో మంచినీళ్లు 150 లీటర్ల వరకు పడతాయి. మన కుటుంబాల్లో ఆరుగురు బయలుదేరితే అది ఒక్క పూటకే అయిపోవచ్చు. కాబట్టి కాంప్‌గ్రౌండ్‌లో, అంటే ఆర్‌వీలు, గుడారాలు నిలుపుకునే స్థలంలో, చోటు తీసుకునేటప్పుడు నీరు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న చోటేనా అని ముందే అడగండి. మూడూ లేని చోట్లు కూడా చాలా ఉన్నాయి. అక్కడ ఉండాలంటే, ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ ఎంత దూరంలో ఉందో తెలుసుకుని వెళ్లాలి. ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకు, ఆ తర్వాత గిన్నెల నీటి ట్యాంకు తెరవాలి. రెండో నీరు గొట్టాన్ని కడిగేస్తుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. ఒక్క చెంబెడు మురుగునీరు కూడా నేల మీద పారబోయకూడదు. సబ్బునీళ్లయినా సరే.

మన వంటలో ఒక చిక్కుంది. పోపు గింజలు, నెయ్యి, గంజి సింకులోకి పోతే ఆ ట్యాంకు గొట్టాలు మూసుకుపోతాయి. గిన్నెలు కడిగే ముందు కాగితంతో శుభ్రంగా తుడిచేయండి. ఇంకో సంగతి, సరస్సు సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంది. అరకు కంటే రెట్టింపు ఎత్తు. అక్కడ నీరు 94 డిగ్రీల లోపే మరుగుతుంది కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ మరిచిపోకండి! 30 ఆంపియర్ల కరెంటు ఉన్న చోట మొత్తం 3,600 వాట్లే వస్తుంది. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్ కూడా పెడితే కరెంటు పోతుంది. ఎలాగూ జూలైలో కూడా రాత్రివేళ చలి ఐదారు డిగ్రీలకు దిగుతుంది. ఏసీతో పని తక్కువ, దుప్పట్లతో పని ఎక్కువ.

బండి పొడవు గురించి కూడా చెప్పాలి. అద్దెకిచ్చేవాళ్లు 30 అడుగుల బండి చూపించి విశాలంగా ఉంటుందంటారు. కానీ ఆ చుట్టుపక్కల స్టేట్ పార్కుల్లో కొన్నిచోట్ల అంత పొడవు బండి పట్టదు. డి.ఎల్. బ్లిస్ పార్కు అలాంటిదే. ఊళ్లోనే నగరపాలక సంస్థ నడిపే కాంప్‌గ్రౌండ్ ఒకటుంది, నెవాడా వైపు జెఫిర్ కోవ్‌లో ఆర్‌వీలు నిలిపే పార్కు ఒకటి ఉంది. మీ బండి పొడవు చెప్పి, అది పట్టే చోటే తీసుకోండి. అందరూ చూడాలనుకునే ఎమరాల్డ్ బే దగ్గర 89వ నంబరు రోడ్డు కొండ అంచున, పెద్ద పెద్ద మలుపులతో ఉంటుంది. అక్కడికి ఆర్‌వీ తీసుకెళ్లవద్దని నా గట్టి సలహా. వెంట ఒక కారు ఉంటే దానిలో వెళ్లండి, లేదా జెఫిర్ కోవ్ నుంచి పడవలో వెళ్లి చూడండి. పెద్దవాళ్లకు పడవే సుఖం. 50వ నంబరు రోడ్డులో ఎకో సమిట్ దాటి కిందికి దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో దిగాలి.

ఎలుగుబంట్లున్నాయి. భయపడనవసరం లేదు, కానీ వాటికి తిండి వాసన తగలకూడదు. బండి నిలిపిన చోట ఉండే ఇనుప పెట్టెలోనే తినుబండారాలు పెట్టి గడియ వేయాలి. ఆవకాయ జాడీ నుంచి టూత్‌పేస్ట్ వరకు అన్నీ. మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్ని చంపక తప్పని స్థితి వస్తుంది. మన అజాగ్రత్తకు అది ప్రాణం ఇవ్వాల్సిన పని లేదు.

మరొకటి కార్చిచ్చు. 2021 ఆగస్టు 30న కాల్డర్ మంటలు దగ్గరికి రావడంతో సౌత్ లేక్ తాహో ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించారు. ఊరు విడిచే రోడ్డు వాహనాలతో నిండిపోయింది. అందుకని బండిలో డీజిలో పెట్రోలో ఎప్పుడూ సగానికి తగ్గనివ్వకండి. చలిమంట వేసేముందు ఆ రోజు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి, వాటితోపాటు చెట్లను తినే పురుగులు కొత్త అడవికి చేరతాయి.

నీళ్లలో దిగాలనుకునే పిల్లలకు లైఫ్ జాకెట్ వేయండి. వేసవిలో కూడా నీరు చాలా చల్లగా ఉంటుంది. ఒక్కసారిగా దూకితే ఊపిరి అందదు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్న పెద్దలు ఆ ఎత్తుకు వెళ్లేముందు వైద్యుణ్ణి అడగడం మంచిది. మొదటి రోజు కొండలెక్కే పని పెట్టుకోకుండా ఒడ్డునే కూర్చోండి.

ఎప్పుడు వెళ్లాలన్నది చివరి మాట. జూలైలో ఊరు కిక్కిరిసి ఉంటుంది. సెప్టెంబర్ మొదటి సోమవారం, అంటే లేబర్ డే సెలవు దాటాక జనం తగ్గుతారు, నీరు వేసవిలోకంటే మరీ చల్లబడి ఉండదు. నన్నడిగితే ఆ రెండు మూడు వారాలే అన్నిటికంటే మంచివి. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో బుకింగు ఆరు నెలల ముందు, ఉదయం ఎనిమిది గంటలకు తెరుస్తారు. సెప్టెంబర్‌లో వెళ్లాలంటే మార్చిలోనే, అక్కడి కాలమానం ప్రకారం ఎనిమిది గంటలకు మీ పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చోవాలి. బండి పొడవు ఎన్ని అడుగులో ముందే కాగితం మీద రాసి పెట్టుకోమనండి.