ఏడో నెలలో ఊరు మారే ఎర్ర స్టిక్కర్

ఆశా అక్కలకీ, ఏఎన్‌ఎం చెల్లెళ్ళకీ నమస్కారం.

హైరిస్క్ గర్భిణి ఎవరని అడిగితే మీరంతా గడగడా చెప్పేస్తారు. 18 ఏళ్ళ లోపు, 35 దాటిన వయసు, ముందు కాన్పు సిజేరియన్, కవలలు, బీపీ, షుగర్, థైరాయిడ్, 7 గ్రాములకన్నా తక్కువ హిమోగ్లోబిన్. 2016లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ వచ్చినప్పటి నుంచి నెలనెలా 9వ తేదీన పరీక్షలు చేయించడం, రిస్క్ ఉన్నవాళ్ళ కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటించడం మీకు అలవాటైన పనే. ఆ జాబితా మళ్ళీ చదవను. జాబితా తెలిసి కూడా మన చేతుల్లోంచి జారిపోతున్న వాళ్ళ గురించి మాట్లాడతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సబ్‌సెంటర్ రిజిస్టర్ తిరగేశాను. బీపీ గడిలో పైనుంచి కిందిదాకా 120/80. ఒక్కరికీ 112 లేదు, ఒక్కరికీ 126 లేదు. అడిగితే అసలు సంగతి తెలిసింది. బీపీ మిషన్‌లో చేతికి చుట్టే కఫ్‌లో గాలి నిలవట్లేదు, కొత్తది అడిగినా రాలేదు, గడి ఖాళీగా ఉంటే మీటింగులో మాట పడాలి. ఆ పేజీలో పేరున్న తొలిచూలు అమ్మాయి ఎనిమిదో నెలలో బీపీ పెరిగి ఫిట్స్‌తో ఆసుపత్రికి వచ్చింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. అందుకే చెబుతున్నాను, మిషన్ పాడైతే ‘కొలవలేదు’ అని రాయండి. పైవాళ్ళు అడిగితే సమాధానం నేను చెప్పుకుంటాను.

ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే కఫ్ చుట్టకండి. ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. 140/90 వస్తే నాలుగు గంటలాగి మళ్ళీ చూడాలి. మొన్నటిదాకా 100/60 ఉన్న అమ్మాయికి ఈసారి 130/86 వచ్చిందనుకోండి. అది జబ్బని కాదు, కానీ వచ్చే 9వ తేదీ దాకా ఆగొద్దు, వారంలోపే మళ్ళీ కొలవండి.

సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి ఉండేదే. పొద్దున్నే మొహం, వేళ్ళు ఉబ్బితే మాత్రం బీపీ పెరిగిందేమోనని అనుమానించాలి. ఒకసారి ఒక ఇంటికి వెళ్ళాం. అమ్మాయి వేలి ఉంగరానికి సబ్బు నురగ రాసి, దారం చుట్టి లాగుతోంది. “నీరు పట్టిందమ్మా, కాన్పైతే అదే పోతుంది” అంది అత్తగారు. మాతో వచ్చిన ఆశా అక్క పక్కన కూర్చుని, “తలనొప్పి ఉందామ్మా? చూపు మసకేస్తోందా?” అని అడిగింది. రెండు రోజులుగా తలనొప్పేనట, నిద్ర చాలక అనుకుందట. కొలిస్తే 160/110. వెంటనే 108 పిలిచాం. ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. ఆ అక్క ఇప్పుడు మీ మధ్యే, మూడో వరసలో కూర్చుంది.

ఇక నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం. మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, గాజులు తొడిగి పంపిస్తాం. గర్భంతో వచ్చే బీపీ 20 వారాల తర్వాత మొదలవుతుంది, ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే బయటపడుతుంది. అంటే మనం ఎక్కువ కనిపెట్టుకుని ఉండాల్సిన రోజుల్లోనే అమ్మాయి ఊరు మారిపోతోంది. మన రిజిస్టర్‌లో ‘పుట్టింటికి వెళ్ళింది’ అని రాసి ఊరుకుంటాం. అక్కడి ఆశా అక్కకి ఆమె వచ్చినట్టే తెలియదు. కార్డు అత్తగారింట్లో బీరువా మీద ఉండిపోతుంది. ఇటుక బట్టీలకు వలస వెళ్ళే కుటుంబాలదైతే ఇంకా కష్టం, ఎవరి రిజిస్టర్‌లోనూ ఉండరు.

సీమంతం పిలుపు రాగానే కార్డు ఫోటో తీసుకోండి. వాళ్ళమ్మ ఫోన్ నంబరు అడగండి. ఆ ఊరి ఆశాకి ఫోన్ చేసి ఎర్ర స్టిక్కర్ ఎందుకు పడిందో, తర్వాతి చెకప్ ఎప్పుడో చెప్పండి. మన ఊరికి కాన్పుకొచ్చిన కూతుళ్ళ సంగతీ అంతే. వీధిలో కొత్త కడుపు కనిపిస్తే కార్డు అడగండి. కాన్పయ్యాక కూడా మొదటి వారం బీపీ పెరగొచ్చు, రక్తస్రావం కావచ్చు. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళకి ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష చేయాలి. ఆపాటికి ఆమె ఇంకా పుట్టింట్లోనే ఉంటుంది.

టీ తాగాక రిజిస్టర్లు తీయండి. ‘పుట్టింటికి వెళ్ళింది’ అని రాసిన ప్రతి పేరుకీ ఇక్కడ కూర్చునే ఫోన్లు చేద్దాం.