తుపాకీ చేయి మారేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

హనుమకొండలో డిగ్రీ చదివే రోజుల్లో నేను ఎన్‌సీసీ క్యాడెట్‌ని. ఏడాదికోసారి ఫైరింగుకు తీసుకుపోయేవాళ్ళు. పాయింట్ టూటూ రైఫిలు, మనిషికి ఐదు తూటాలు. దుమ్ములో బోర్లా పడుకొని, ఊపిరి బిగబట్టి ఐదూ కాల్చేసి లేచాను. నా వెనకవాడు చేయి చాపితే రైఫిలు ఇవ్వబోయాను. ఉస్తాద్ అడ్డం వచ్చాడు.

"ఖాలీ హై క్యా?"

"ఖాలీ హై ఉస్తాద్. ఐదూ కాల్చేసిన."

అదే రైఫిలు రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తించి గ్రౌండు చుట్టూ మూడుసార్లు ఉరికించాడు. నిజానికి రైఫిలు ఖాళీగానే ఉంది. అయినా శిక్ష పడింది. బోల్టు వెనక్కి లాగి, లోపల ఏమీ లేదని నేను చూసి, తీసుకునేవాడికి చూపించి, ఆ తర్వాత ఇవ్వాలి. నేను చూపించలేదు, నోటితో చెప్పాను. "బాత్ నహీ, బోల్ట్ దిఖావ్" అన్నాడాయన. రొప్పుతూ ఆయన్ను మనసులో చాలా తిట్టుకున్నాను.

2021 అక్టోబరులో ఓ వార్త వింటుంటే ఆయన మాట మళ్ళీ చెవిలో మోగింది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో, శాంటా ఫే పట్నం దగ్గర 'రస్ట్' అనే కౌబాయ్ సినిమా తీస్తున్నారు. 21వ తేదీన చెక్కతో కట్టిన ఒక చర్చిలో, హీరో అలెక్ బాల్డ్విన్ ఒరలోంచి రివాల్వర్ తీసి కెమెరా వైపు చూపే షాటు రిహార్సల్ చేస్తున్నారు. రివాల్వర్ పేలింది. కెమెరా బాధ్యత చూస్తున్న హలీనా హచిన్స్ చనిపోయారు. అదే తూటా దర్శకుడు జోయెల్ సౌజా భుజంలో దిగింది.

సినిమా తుపాకీలో నిజం తూటా ఎట్లా వచ్చింది? అక్కడ మూడు రకాల తూటాలుంటాయి. ఒకటి నిజం తూటా. దానికి షూటింగులో పనే లేదు. రెండోది బ్లాంకు. దానిలో మందు ఉంటుంది, ముందు గుండు ఉండదు. మంట, చప్పుడు, పొగ వస్తాయి. మూడోది డమ్మీ. చూడటానికి అచ్చం నిజం తూటాలాగే, ముందు గుండుతో సహా ఉంటుంది. లోపల మాత్రం మందు ఉండదు. రివాల్వర్‌ను కెమెరాకు ఎదురుగా పెడితే గుండ్ల మొనలు కనిపిస్తాయి కాబట్టి డమ్మీలు పెడతారు.

మరి డమ్మీని నిజం తూటా నుంచి వేరు చేసేదెట్లా? చాలా డమ్మీల్లో మందుకు బదులు ఒక చిన్న ఇనుప పూస వేస్తారు. చెవి దగ్గర పెట్టి ఊపితే గిలక్కాయలాగ గలగలమంటుంది. నిజం తూటాలో ఆ గలగల వినిపించదు. కొన్ని డమ్మీలకు పక్కన చిన్న చిల్లు కూడా పొడుస్తారు. అంతే. రివాల్వర్‌లో ఆరు గదులుంటే ఆరు తూటాలూ బయటికి తీసి, ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూడాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఆ రోజు ఎవరూ పూర్తిగా ఇవ్వలేదు.

తుపాకీల బాధ్యత ఒక ఆర్మరర్‌ది. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. సెట్టు సామాను, అంటే ప్రాపర్టీల పని కూడా ఆమె మీదే పెట్టారు. బాల్డ్విన్ దగ్గరికి రివాల్వర్ వచ్చేసరికి అసిస్టెంట్ డైరెక్టర్ "కోల్డ్ గన్" అని చెప్పేశాడు. పేలేదేమీ లేదు అని అర్థం. అన్ని తూటాలూ చూడాల్సింది, చూడలేదు అని తర్వాత ఆయనే దర్యాప్తువాళ్ళకు ఒప్పుకున్నాడు. అయిదు రోజుల ముందే అదే సెట్టులో తుపాకీలు అనుకోకుండా పేలాయి. ఏర్పాట్లు బాగాలేవని కెమెరా మనుషులు కొందరు ప్రమాదం జరిగిన రోజు పొద్దున్నే పని వదిలి వెళ్ళిపోయారు. వెతికితే సెట్టులో ఒకటి కాదు, ఆరు నిజం తూటాలు దొరికాయి.

కేసు ఏమైందంటారా? అసిస్టెంట్ డైరెక్టర్‌కు ఆరు నెలల ప్రొబేషన్. ఆర్మరర్‌ను 2024 మార్చిలో జ్యూరీ దోషి అంది, ఏప్రిల్‌లో పద్దెనిమిది నెలల జైలు పడింది. బాల్డ్విన్ కేసును జులైలో విచారణ మధ్యలోనే జడ్జి కొట్టేశారు. తూటాలకు సంబంధించిన సాక్ష్యాన్ని ఆయన లాయర్లకు ఇవ్వకుండా దాచారన్నది కారణం. ట్రిగ్గర్ నొక్కలేదని బాల్డ్విన్ మొదటి నుంచీ చెప్పారు. తప్పు ఎవరిదన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. వింటుంటే నాకు మన సామెత గుర్తొస్తుంది: అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు చేపలు మాయం.

బ్లాంకే కదా, ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకు రెండు పాత సంగతులు చెప్తాను. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే నటుడు టీవీ సీరియల్ షూటింగులో విసుగు పుట్టి, సరదాకు బ్లాంకు ఉన్న రివాల్వర్‌ను కణతకు పెట్టుకుని నొక్కాడు. గుండు లేకపోయినా ఆ దెబ్బకే పుర్రె పగిలింది. 1993లో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ. ఇది ఇంకా తిరకాసు. సెట్టు మీదనే నిజం తూటాల్లోంచి మందు తీసేసి డమ్మీలు చేశారు. అడుగున ఉండి, దెబ్బ తగిలితే మందుకు నిప్పంటించే ప్రైమర్‌ను మాత్రం అట్లాగే వదిలేశారు. అది చిటుక్కుమని, గుండును గొట్టంలోకి తోసింది. గుండు అక్కడే ఇరుక్కుంది. తర్వాత ఇంకో సీనుకు అదే తుపాకీలో బ్లాంకు వేసి కాల్చారు. ఇరుక్కున్న గుండు దూసుకొచ్చింది. ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. రెండు సీన్ల మధ్యలో ఒక్కరన్నా గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తుందా అని చూడలేదు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఉత్తర తెలంగాణలో తుపాకీ అంటే తెర మీది వస్తువు మాత్రమే కాదు. సాయుధ పోరాటం చూసినవాళ్ళూ, ఆ తర్వాత అడవుల్లో పేలిన తుపాకుల చప్పుడు విన్నవాళ్ళూ మన ఊళ్ళల్లో ఉన్నారు. ఖాకీ బట్టలేసుకుని, భుజానికి తుపాకీ బొమ్మ తగిలించుకుని పిల్లలు షార్ట్ ఫిల్ముకని ఊరి మీదికి వస్తే, ముసలమ్మలు తలుపులేసుకుంటారు. వాళ్ళకది బొమ్మని ఎవరు చెప్పాలె? సర్పంచికి, పోలీస్ స్టేషనుకు ముందే చెప్పకుండా దిగడం ఆటలు కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు కావాలి. ఆటబొమ్మగా తప్ప పనికిరానిది, పనిచేసే ఆయుధంగా మార్చడానికి వీలులేనిది అయితే ఆ చట్టం వదిలేస్తుంది. నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే, కొత్త న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. పాత చట్టంలో అది రెండేళ్ళే ఉండేది.

అసలు చప్పుడు కోసం నిజం తుపాకీ ఎందుకు? ఇంగ్లీషు సినిమాల్లోని ధ్వనులన్నీ ఒక్క గొంతుతో పలికించిన నేరెళ్ళ వేణుమాధవ్ గారి ఊరు మనది! రస్ట్ సంగతి బయటపడ్డాక డ్వేన్ జాన్సన్ లాంటి పెద్ద హీరో, తన కంపెనీ సినిమాల్లో రబ్బరు తుపాకులే వాడతామన్నాడు. మంట కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు, చప్పుడు డబ్బింగులో కలుపుకోవచ్చు. ఇంత సదుపాయం వచ్చాక కూడా నిజం తుపాకీ కావాలనే దర్శకుడిది మొండితనమనే నేనంటాను.

ఇట్లా మాట్లాడే నేనేం తక్కువ తినలేదు. ముప్పయ్యేళ్ళ కింద మేమొక నాటకం వేశాం. రజాకార్ల కాలం కథ. ప్రాపర్టీలు నావి. కమ్మరి దగ్గర ఒక ఇనుప గొట్టం చేయించి, పటాసు మందు కూరి పిస్తోలు తయారు చేశాను. రిహార్సల్‌లో అది సగంసార్లు తుస్సుమనేది. అందుకని ప్రదర్శన రోజు ఇంకొంచెం ఎక్కువ కూరాను. ఎక్కువ కూరిన ముచ్చట ఎవరికీ చెప్పలేదు. "ఏం కాదు, దగ్గర పెట్టి కొట్టు" అని నటుడి చేతికిచ్చాను. ఎదుటివాడి చెంప కాలింది. చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి. తెర దించాక అతడే "ఏం గాలేదన్నా" అని నన్ను ఓదార్చాడు. కాల్చినవాడు వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఎక్కువ కూరింది నేను. ఆ మాట నేను బయటపెట్టడానికి ఏడాది పట్టింది.

మొన్న మా అక్క కొడుకు, వాడి దోస్తులు ధర్మసాగర్ దగ్గర మామిడి తోటలో షార్ట్ ఫిల్ము తీస్తామని నన్ను పెద్దమనిషిగా రమ్మన్నారు. తుపాకీ ఏదిరా అంటే, జాతరలో బుగ్గలు కొట్టే ఎయిర్ గన్ ఒకటి కిరాయికి తెచ్చారు. నిలబెట్టి ఉంది, జామ చెట్టుకు ఆనించి. దాని పక్కనే ఛర్రాల డబ్బా, మూత తీసి ఉంది.

"ఇది ఎవరి జిమ్మరా?" అన్నాను.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డైరెక్టర్ కెమెరావాణ్ణి చూశాడు, కెమెరావాడు హీరోను చూశాడు. "మామా, అండ్ల ఏం లేదే" అన్నాడు మావాడు.

"నువ్వు చూసినవా?"

"కిరాయికిచ్చినాయన చెప్పిండు."

నా నెత్తి మీద రైఫిలు బరువు మళ్ళీ తెలిసింది. అప్పటిదాకా ఓ మూల కూర్చుని బట్టలకు గుండీలు కుడుతున్న అమ్మాయి లేచింది. "నా జిమ్మ" అంది. ఛర్రాల డబ్బాకు మూత పెట్టి, తన సంచిలో వేసుకుని, సంచిని స్కూటీ డిక్కీలో పెట్టి తాళమేసింది. తుపాకీని మధ్యకు విరిచి తెరిచి, గొట్టం ఆకాశం వైపు ఎత్తి, అందరినీ వరసగా పిలిచింది. తొమ్మిది మందీ ఒక కన్ను మూసి గొట్టంలోంచి చూశారు. ప్రతి షాటుకూ ఇదే తంతు. డైరెక్టర్ గునుస్తూనే ఉన్నాడు, ఎండ పోతుందని.

మూడో షాటప్పుడు చాయ్ తెచ్చిన పిల్లగాడు నిలబడి చూస్తున్నాడు. వాణ్ణీ పిలిచింది. వాడు కెటిల్ కింద పెట్టి, వంగి, చాలాసేపు చూశాడు.

"మొగులు కనవడుతున్నదక్కా" అన్నాడు.