ఏడాది నడుముకు పెట్టుకుని తిరిగాక: కైడెక్స్ హోల్‌స్టర్ రివ్యూ

అందరికీ నమస్కారం. టేబుల్ మీద రెండు హోల్‌స్టర్లు, అంటే గన్‌ని నడుముకు పెట్టుకునే తొడుగులు, కనిపిస్తున్నాయి కదా. ఎడమవైపుది గుడ్డది, కుడివైపుది కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది. ఈ వీడియోలో గన్ చూపించను. అది లోపల సేఫ్‌లో ఉంది, అక్కడే ఉంటుంది. కెమెరా కోసం తీసి తిప్పాల్సిన పని లేదు.

రివ్యూ కంటే ముందు మనవాళ్లకు ఒక మాట. నేను డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాను. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం వేరే నిషేధం లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు. ఇది విని హెచ్-1బీ మీదున్న కుర్రాళ్లు "అన్నా, మేమూ కొనుక్కోవచ్చా?" అని అడుగుతున్నారు. తమ్ముళ్లూ, ఆ నిషేధం మీకు ఉంది. హెచ్-1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర గన్ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, లాయర్‌తో మాట్లాడకుండా వాటిని నమ్ముకోకండి. షూటింగ్ రేంజ్‌కి (గన్ ప్రాక్టీస్ చేసే చోటు) సరదాగా వెళ్లేముందు కూడా అడగండి.

సరే, హోల్‌స్టర్ల సంగతి. నాది గ్లాక్ 43ఎక్స్, పది తూటాల మ్యాగజైన్. దీనికి బొటనవేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ మీద ఏది నొక్కుకున్నా, అది వేలైనా గుడ్డ ముక్కైనా, పేలుతుంది. అందుకే నేను హోల్‌స్టర్‌ని ఒకే లెక్కతో చూస్తాను. దీనివల్ల రోజుకు ఎన్నిసార్లు గన్ మీద చెయ్యి వేయాల్సి వస్తోంది? ఎంత తక్కువైతే అంత మంచిది.

మొదట ఈ గుడ్డది కొన్నాను, చవగ్గా వస్తోందని. గన్ లోపలున్నంతసేపు మెత్తగా, హాయిగా ఉంటుంది. తీసేశాక ఇదిగో, ఇలా నోరు మూసుకుపోతుంది. మళ్లీ పెట్టాలంటే ఎడమచేత్తో తెరిచి పట్టుకోవాలి. అంటే నా చెయ్యి గన్ మూతి ముందుకొస్తుంది. గన్ భద్రతకు జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు సూత్రాల్లో రెండోది ఏమిటి? నాశనమైనా ఫర్వాలేదు అనుకున్నదాని వైపు తప్ప మూతి ఎటూ తిప్పకూడదు. ఈ హోల్‌స్టర్ పెట్టిన ప్రతిసారీ ఆ సూత్రం తప్పాల్సిందే. పైగా మూడు నెలలకే అంచు మెత్తబడి లోపలికి మడత పడింది. నడుస్తుంటే జారుతుంది, చొక్కా మీంచి సర్దుకుంటూనే ఉండాలి.

రెండోది కైడెక్స్. వేడిచేసి గన్ ఆకారానికి అచ్చుపోసిన ప్లాస్టిక్. నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ట్రిగ్గర్ పూర్తిగా కప్పుకుపోతుంది, గన్ కూర్చోగానే టక్‌మని వినిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ క్లిప్పులు. బెల్ట్ నుంచి ఊడదీస్తే గన్‌తో సహా మొత్తం చేతికొస్తుంది. రాత్రి అలాగే సేఫ్‌లో పెట్టేస్తాను, పొద్దున అలాగే తగిలించుకుంటాను. ఇదివరకు రోజూ తూటా తీసి మళ్లీ ఎక్కించేవాణ్ని. అదే తూటాని పదే పదే ఎక్కిస్తే దాని ముందున్న బుల్లెట్ వెనకున్న గొట్టంలోకి కొంచెం కొంచెంగా దిగబడి, పేల్చినప్పుడు ప్రెషర్ ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇప్పుడు ఆ పనే లేదు.

అయితే కైడెక్స్ ఉంది కదా అని ధీమా వద్దు. ఈ జాకెట్ చూడండి. కింద అంచులో బిగించుకునే తాడు ఉండేది, చివర చిన్న ప్లాస్టిక్ గుండుతో. పోయిన చలికాలం రేంజ్‌లో ప్రాక్టీస్ అయ్యాక గన్ హోల్‌స్టర్‌లో పెడుతుంటే, సగంలో ఏదో అడ్డం తగిలింది. ఆగిపోయాను. వంగి చూస్తే ఆ గుండు హోల్‌స్టర్ నోట్లో, సరిగ్గా ట్రిగ్గర్ పక్కన ఉంది. ఇంకొంచెం నెట్టి ఉంటే గన్ పేలి తూటా నా తొడలోకి దిగేది. ఇంటికొచ్చి కత్తెరతో ఆ తాడు కోసేశాను. ఇప్పుడు ఎడమచేత్తో బట్ట పైకి లాగి పట్టుకుని, కళ్లతో చూస్తూ, నిదానంగా పెడతాను. అడ్డం తగిలితే నెట్టను, బయటికి తీస్తాను.

ఇంకో సంగతి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. పబ్లిక్ రెస్ట్‌రూమ్. గన్ తీసి టిష్యూ డబ్బా మీద పెట్టి, అక్కడే మర్చిపోయి వచ్చేసేవాళ్లున్నారు. తర్వాత లోపలికి వెళ్లేది ఏడేళ్ల పిల్లాడు కావచ్చు. హోల్‌స్టర్‌లోంచి తీయకండి. ప్యాంటుతో పాటు కిందికి దించి, కాళ్ల మధ్య కనబడేలా ఉంచుకోండి.

స్నేహితుల ఇళ్లకు మాత్రం నేను అసలు పెట్టుకెళ్లను. తలుపు తీయగానే పిల్లలు "బాబాయ్" అంటూ వచ్చి నడుం చుట్టేస్తారు, వాళ్ల మొహం సరిగ్గా అక్కడే తగులుతుంది. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది మన మీద కేసు. కారులో వదిలి వెళ్లాల్సి వస్తే సీటు కింద కేబుల్‌తో కట్టిన లాక్ బాక్స్‌లో, హోల్‌స్టర్‌తో సహా. డాష్‌బోర్డ్ అరలో మాత్రం వద్దు, దొంగ మొదట తెరిచేది అదే.

బ్యాగులో వేసుకునేవాళ్లు కూడా వినండి. 2024లో అమెరికా ఎయిర్‌పోర్ట్ చెక్‌పాయింట్లలో టీఎస్ఏ (తనిఖీలు చేసే ప్రభుత్వ సంస్థ) పట్టుకున్న గన్‌లు 6,678. అందులో దాదాపు 94 శాతం లోడ్ చేసినవి. జరిమానా వేల డాలర్లలో ఉండొచ్చు. పట్టుబడినవాళ్లలో చాలామంది చెప్పేది బ్యాగులో ఉన్న సంగతే మర్చిపోయామని. నడుముకు గుచ్చుకుంటుంటే మర్చిపోవడం కష్టం.

గుచ్చుకోవడం అంటే, అవును, ఈ కైడెక్స్‌ది గుచ్చుకుంటుంది. మొదటి రెండు వారాలు చర్మం ఎర్రబడింది, లోపల బనియన్ తప్పనిసరి. మామూలు బెల్ట్ వంగిపోతుంది, గట్టి బెల్ట్ విడిగా కొనాలి. స్క్రూలు వదులవుతాయి, నెలకోసారి చూసుకోండి. నాకు 80 డాలర్లు పడింది, మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను.

ఈ గుడ్డది కావాలని మా ఆఫీసులో ఒకరు అడిగారు. ఇవ్వలేదు. ఇదిగో, మీ ముందే రెండు ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేస్తున్నాను.