పెరటి కిటికీకి అలారం పెట్టారా?

నమస్తే అండి. పెళ్ళిళ్ళ రోజులొచ్చాయంటే ఒడిశా సరిహద్దులోని మన పర్లాకిమిడిలో ఏ వీధి చూసినా తాళాలే. సరిహద్దు దాటితే ఆంధ్రాలో, పాతపట్నంలో చుట్టాలు, టెక్కలిలో చుట్టాలు. వెళ్తే రాత్రికి అక్కడే ఉండిపోతాం. అందుకే ఇవాళ కిటికీ అలారాల గురించి చెబుతాను.

వీధి తలుపుకి పెద్ద తాళం వేసి, రెండుసార్లు లాగి మరీ చూసుకుంటాం. వంటింటి కిటికీ మాత్రం ఓరగా వదిలేస్తాం. మన పాత ఇళ్ళు వీధి నుంచి పెరటి దాకా పొడుగ్గా ఉంటాయి. వెనకాల ఎవరైనా ఊచలు వంచుతున్నా, ముందుగదిలో పడుకున్నవాళ్ళకి కూడా వినపడదు. ఒక్క అలారమే కొనగలిగితే అది పెరటి కిటికీకే పెట్టండి.

మామూలు రకంలో రెండు ముక్కలుంటాయి. అయస్కాంతం ఉన్నదాన్ని కిటికీ రెక్కకి, రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరుందో లేదో పసిగట్టే చిన్న స్విచ్) ఉన్నదాన్ని ఫ్రేముకి బిగిస్తారు. రెక్క తెరిస్తే అయస్కాంతం దూరమై సైరన్ మోగుతుంది. మూసినప్పుడు వాటి మధ్య ఖాళీ సుమారు 1 సెంటీమీటరు దాటకూడదు. మన చెక్క రెక్కలతో ఇబ్బంది ఇక్కడే. వానాకాలం చెక్క ఉబ్బి రెక్క సరిగ్గా పడదు, అలారం అర్ధరాత్రి ఊరికే మోగుతుంది. నాలుగు రాత్రులు అలా నిద్ర పాడైతే ఇంట్లోవాళ్ళే దాన్ని ఆపేస్తారు. ముందు వడ్రంగిని పిలిచి రెక్కకి చిత్రిక పట్టించండి. ముక్కల్ని టేపుతో అంటించి వదిలేయకుండా చిన్న స్క్రూలతో బిగించండి.

ఎండాకాలం కిటికీ తెరిచే పడుకుంటాం కదా, అప్పుడు ఈ రకం పనికిరాదు. గ్రిల్‌కి వైబ్రేషన్ సెన్సర్ పెట్టుకోండి. గ్రిల్ కోసినా, పెకలించినా ఆ అదురుకి మోగుతుంది.

ఫోన్‌కి మెసేజ్ పంపే వైఫై అలారాలూ ఉన్నాయి. వాటికి రౌటర్ నడవాలి, రౌటర్‌కి కరెంటు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మన గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేక ఎంత అవస్థ పడ్డామో గుర్తుంది కదా! వైఫైది పెట్టుకున్నా, బ్యాటరీతో మోగే సైరన్ ఒకటి ఉండి తీరాలంటాను.

తాళం వేసిన ఇంట్లో సైరన్ మోగితే వినేది పక్కింటివాళ్ళే. ఊరెళ్ళే ముందు పక్కింటి పిన్నిగారికి ఒకసారి మోగించి వినిపించండి. మోగితే మన ఇంట్లోకి అడుగుపెట్టొద్దని, లైట్లన్నీ వేసి, నలుగురినీ కేకేసి, 112కి ఫోన్ చేయమని చెప్పండి. ఆవిడ చేస్తే ఒడిశా పోలీసులకి వెళ్తుంది. అదే మీరు పాతపట్నం పెళ్ళిపందిట్లోంచి 112 కొడితే, ఆంధ్రా కంట్రోల్ రూముకి వెళ్ళే అవకాశమే ఎక్కువ. వాళ్ళకి మన వీధి చెప్పి, ఇటువైపు కబురు అందేలోగా టైమ్ పోతుంది. అందుకని మన ఊరి పోలీస్ స్టేషన్ నంబరు, పిన్నిగారి నంబరు ఫోన్‌లో వేసుకున్నాకే బండెక్కండి.