ఏసీ చల్లబరిచేది పాత గాలినే

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ట్యూషన్ మేష్టార్లు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన ఊళ్లో పాత ఇళ్లకు గోడ పైభాగాన వెంటిలేటర్లు ఉంటాయి. ఏసీ పెట్టించిన రోజే, చల్లదనం పోకూడదని వాటికి అట్టముక్క అడ్డం పెట్టేస్తాం. నా తగువు ఆ అట్టముక్కతోనే.

స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే లాగి, చల్లబరిచి, తిరిగి గదిలోకే వదులుతుంది. బయటి పెట్టెకూ లోపలి పెట్టెకూ మధ్య తిరిగేది గ్యాసు, గాలి కాదు. చెబితే చాలామంది నమ్మరు!

బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 425 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 425. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000. ఇరవై అడుగుల పొడవు, పదిహేను వెడల్పు, పది ఎత్తు ఉన్న గదిలో 40 మంది పిల్లలున్నారనుకోండి. ఒక్కొక్కరు గంటకు 15 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదిలితే, సందులన్నీ మూసిన గదిలో ఐదారు నిమిషాలకే 1000 దాటుతుంది. మెట్రిక్ పరీక్షల ముందు చలికి తలుపులు బిగించి గంటల తరబడి చెప్పే క్లాసుల సంగతి మీరే ఊహించండి.

దాటకూడదనే ఆ 1000 గీత కొత్తది కాదు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఆరోగ్య శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే గీశాడు. ఆ మోతాదులో అది విషమని కాదు, గదిలో మనుషుల ఊపిరి ఎంత పేరుకుందో చెప్పే గుర్తని. గదిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు 2000 చూపిస్తే, మీ పిల్ల పీల్చే గాలిలో 25వ వంతు అంతకుముందే ఎవరో వదిలిన ఊపిరి. ఎవరికైనా క్షయో కరోనానో ఉంటే, వచ్చేది ఆ వంతులోనే.

మీటరు కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ అని ఉందేమో చూడండి. అలాంటి మీటరు కార్బన్ డయాక్సైడ్ పరారుణ కాంతిని ఎంత మింగిందో నిజంగా కొలుస్తుంది. చవకవాటిలో కొన్ని స్పిరిట్ ఆవిరిలాంటివి పసిగట్టి అంచనా అంకె వేస్తాయి, అంతే. మీటరును కిటికీ పక్కనా, ఎవరి ముఖానికి ఎదురుగానూ పెట్టొద్దు. ఇంకో మాట: చలికి గదిలో కుంపటి పెట్టుకునేవాళ్లు దీన్ని నమ్ముకోకండి. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్ వేరు, ప్రాణం తీసేది అదే, ఈ మీటరు దాన్ని పట్టదు.

మరి చేయాల్సిందేమిటి? అట్ట తీసి దోమల జాలీ కొట్టించండి, మనది మలేరియా ఉన్న కొండప్రాంతం కదా. ఒక గోడకు ఎగ్జాస్టు ఫ్యాను, ఎదుటి గోడకు గాలి వచ్చే దారి ఉంచండి. సీలింగు ఫ్యాను ఉన్న గాలినే కలియదిప్పుతుంది. కరెంటు బిల్లు కొంత పెరుగుతుంది, కాదనను.

ఫలితం తెలియాలంటే పిల్లలు వెళ్లాక ఎగ్జాస్టు ఆపకుండా, మీటరును గదిలో వదిలి మీరు బయటికొచ్చేయండి. అప్పుడు 1925 ఉందనుకోండి, బయటి గాలికంటే 1500 ఎక్కువ. ఆ ఎక్కువ 550కి దిగడానికి గంట పడితే, గాలి గంటకు ఒక్కసారే మారుతున్నట్టు. 12 నిమిషాల్లో దిగితే ఐదుసార్లు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2023లో సూచించిన కనీస లెక్క ఆ ఐదే.