కర్నూలు నుంచి నల్లమలకి క్యారవాన్‌లో గ్రూప్ ట్రిప్: తీసుకోవచ్చా, వద్దా?

అందరికీ నమస్కారం. ఇంటిల్లిపాదీ కలిసి క్యారవాన్, అంటే లోపలే పడకలు, బాత్రూమ్ ఉండే బండి, మాట్లాడుకుని నల్లమల అడవికి వెళ్తే ఎలా ఉంటుందని మన కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు చాలామంది అడుగుతున్నారు. మేం ఆత్మకూరు దాటాక ఉండే బైర్లూటి జంగిల్ క్యాంప్‌కి అలాగే వెళ్లొచ్చాం. ముందే చెప్పేస్తా: వెంట పెద్దవాళ్లు ఉంటే క్యారవాన్ తీసుకోండి. అందరూ వయసు పిల్లలే అయితే టెంపో ట్రావెలర్ చాలు, మిగిలే డబ్బుతో క్యాంప్‌లో ఇంకో రాత్రి ఉండొచ్చు.

లోపల చూడండి. సీట్లు బాగానే ఉన్నాయి గానీ రాత్రి సుఖంగా పడుకోగలిగేది నలుగురే. సీట్లు లెక్కబెట్టి పదిమందిని ఎక్కించారంటే రాత్రికి ఎవరు ఎక్కడ పడుకోవాలనేది పెద్ద పంచాయితీ అవుతుంది, అందుకే మేం పెద్దవాళ్లకి క్యారవాన్, మిగతావాళ్లకి టెంపో, వాళ్లకి రాత్రికి క్యాంప్‌లో టెంట్లు అని ముందే అనుకున్నాం. ఇదిగో బాత్రూమ్. ఇరుకే, కానీ వెస్టర్న్ కమోడ్ ఉంది, నాకైతే ఈ బండికి పెట్టిన డబ్బంతా దీనికే అనిపించింది. మా జేజికి మోకాళ్ల నొప్పులు. దారిలో బాత్రూమ్ దొరకదేమోనని ఊరికి బయల్దేరే రోజు పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగదు. ఈసారి బాటిల్ పక్కనే పెట్టుకుని తాగుతూ వచ్చింది, కిటికీ దగ్గర కూర్చుని నందికొట్కూరు దాకా కబుర్లే కబుర్లు. ఒక్కటి మాత్రం చూసుకోండి, మెట్టు బాగా ఎత్తు. మేం ఇంట్లోంచి ఒక ముక్కాలిపీట తెచ్చి కింద వేస్తే, చిన్నాన్న చెయ్యి పట్టుకుని ఎక్కింది.

ఇప్పుడు డబ్బు సంగతి, దీన్ని సరిగ్గా వినండి. మేం చూసిన బండ్లు ఎక్కువగా బెంగళూరు నుంచే వస్తున్నాయి. కిలోమీటర్లు వాళ్ల షెడ్డులో బయల్దేరినప్పటి నుంచి మళ్లీ షెడ్డుకి చేరేదాకా లెక్కేస్తారు. అంటే కర్నూలు వాళ్లు బండి పిలిపించుకుంటే ఖాళీగా వచ్చే మూడున్నర వందల కిలోమీటర్లు, తిరిగి పోయే మూడున్నర వందలు కూడా మీ ఖాతాలోకే. దానిపైన రోజుకి ఇన్ని కిలోమీటర్లు మినిమమ్ అంటారు, పర్మిట్, టోల్, డ్రైవర్ బత్తా వేరే. మేం ఏం చేశామంటే, బెంగళూరులో ఉండే మా పిన్నమ్మ వాళ్లు అక్కడే బండెక్కి, దారిలో అనంతపురం వాళ్లని ఎక్కించుకుని, హైవే మీదుగా కర్నూలు వచ్చారు. అలాగైతే ఖాళీ కిలోమీటర్లు ఉండవు. అయినా చివరి బిల్లులో ముందు చెప్పని వెయిటింగ్ చార్జీ ఒకటి వేశారు, చాలాసేపు వాదించాక గానీ తీసెయ్యలేదు. అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇక అడవి. ఇది నేషనల్ పార్క్ కాదు, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకి వచ్చింది, దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్. మన వైపు నేషనల్ పార్కే కావాలంటే శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ ఉంది, 1989లో ప్రకటించారు, తలకోన జలపాతం అటువైపే, దాని గురించి ఇంకో వీడియోలో. నల్లమలలో మాత్రం మీ ప్లాన్ అంతా చెక్‌పోస్టు టైమ్ చుట్టూ వేసుకోవాలి. ఆత్మకూరు, దోర్నాల మధ్య అడవి రోడ్డులో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. గ్రూప్ అంటే తెలుసుగా, ఒకరు టీ అంటారు, ఇంకొకరు చార్జర్ మర్చిపోయామంటారు, నాలుగింటికని చెప్పి ఆరింటికి కదులుతారు. అందుకే మధ్యాహ్నం భోజనం కాగానే కర్నూలు దాటెయ్యండి, చీకటి పడకముందే క్యాంప్‌లో ఉండాలి.

క్యారవాన్‌ని అడవిలో నచ్చినచోట ఆపి పడుకుంటామంటే కుదరదు. ఆపితే క్యాంప్ ఆవరణలోనే, అది కూడా ముందే ఫోన్ చేసి అడిగి. ఏసీకి బయటి కరెంటు కనెక్షన్ ఇస్తారా, నీళ్ల ట్యాంకు నింపుకోవచ్చా అని అప్పుడే అడగండి. ఇవ్వకపోతే జనరేటర్ వేద్దామనుకోకండి, దయచేసి. రాత్రిపూట అక్కడ వినాల్సింది అడవిని. ఇంకోటి, లెట్రిన్ ట్యాంకు. అమెరికా పార్కుల్లో దాన్ని ఖాళీ చెయ్యడానికి డంప్ స్టేషన్లు ఉంటాయి, మనకు దారిలో అలాంటివి కనపడవు. సెప్టిక్ ట్యాంక్ ఉన్న లాడ్జి వాళ్లనో, బండి యజమానినో అడిగి, ఎక్కడ ఖాళీ చేస్తారో బుక్ చేసేముందే తేల్చుకోండి. వాగు పక్కనో రోడ్డు పక్కనో వదిలేస్తామని డ్రైవర్ అంటే అస్సలు ఒప్పుకోకండి, ఆ వాగు నీళ్లే దుప్పులూ తాగుతాయి, చెంచుగూడేల వాళ్లూ వాడతారు.

సఫారీకి మీ బండి పనికిరాదు, అటవీశాఖ జీపులోనే వెళ్లాలి. పెద్ద గ్రూప్ అయితే ఒక జీపులో పట్టరు, కాబట్టి ఎన్ని జీపులు కావాలో ముందే చెప్పాలి. పులి కనపడుతుందని పిల్లలకి మాటివ్వకండి. మాకు దుప్పుల మంద, నెమళ్లు కనిపించాయి, తడి ఇసుకలో అడుగుజాడలు చూపించి గైడ్ వివరంగా చెప్పాడు, పిల్లలకి అదే పెద్ద సంబరం.

తిండికి క్యాంప్‌లో చెప్తే వండి పెడతారు. మేం దారికి చిత్రాన్నం, జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి స్టీలు డబ్బాల్లో తెచ్చుకున్నాం, ఎందుకంటే ప్లాస్టిక్ కవర్లు అడవిలోకి తేకూడదు. సొంతంగా మంట వెయ్యకండి, ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ చాలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటివారాల దాకా అయితే వాతావరణం హాయిగా ఉంటుంది. శివరాత్రి, ఉగాది రోజుల్లో శ్రీశైలం పాదయాత్ర జనంతో ఆత్మకూరు వైపు రద్దీ ఎక్కువ, వానాకాలంలో సఫారీ మూసేస్తారు. డేట్ అనుకోగానే ముందు క్యాంప్‌లో టెంట్లు, జీపులు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే క్యారవాన్‌కి అడ్వాన్స్ కట్టండి.